గుట్టు కోరే ప్రేమ: ఆన్‌లైన్ మోసాల నుంచి మనవాళ్లను కాపాడుకోవడం

1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి నుంచి నందికొండకు ఎక్కడెక్కడి మనుషులో వచ్చి చేరారు. నాగార్జునసాగర్ కట్టడానికి వచ్చిన ఇంజనీర్లు, మేస్త్రీలు, గుమాస్తాలు, డ్రైవర్లు హిల్ కాలనీలో, పైలాన్ కాలనీలో కాపురాలు పెట్టారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ తరం రిటైరయింది. పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికా దారి పట్టారు. చుట్టూ ఉన్న నల్లగొండ పల్లెల్లోనూ ఇదే వరస. పాలమూరులోనైతే వలస ఇంకా పాతది. ముంబయి, పుణె దాకా పనికి పోయినవాళ్లు పండగకో పబ్బానికో ఇంటి ముఖం చూసేవారు. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో కన్నకొడుకు, కట్టుకున్నవాడు, తోడబుట్టినది ఫోన్‌లోనే ఉంటారు. పొద్దున పలకరింపు అందులోనే, రాత్రి 'తిన్నవా' అన్న మాటా అందులోనే. ఏళ్ల తరబడి ఇలా బతికిన మనిషికి, ఫోన్‌లోంచి వచ్చే ఆప్యాయత నిజమైనది కాదని మనం ఎలా చెప్పగలం? వాళ్లకు అందుతున్న నిజమైన ఆప్యాయతలో ఎక్కువ భాగం వచ్చేది అక్కడి నుంచే.

ఆన్‌లైన్ ప్రేమ మోసాల గురించి ఆలోచించేటప్పుడు ముందు ఒప్పుకోవలసింది ఇదే. ఫోన్‌లో పరిచయమైనవాళ్లను నమ్మొద్దని హెచ్చరించి ఊరుకుంటే, వినేవాళ్లకు అది తమ బతుకు తెలియనివాళ్లు చెప్పే మాటలా ఉంటుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది వేరు. ప్రేమ పేరుతో మోసం చేసేవాడు డబ్బు కంటే ముందు మనిషిని దోచుకుంటాడు. ఇంటివాళ్ల నుంచి, స్నేహితుల నుంచి ఆ మనిషిని మాటలతో వేరు చేస్తాడు. ఆ పని పూర్తయ్యాకే డబ్బు ఊసెత్తుతాడు. ఆ ఒంటరితనం మీదే మోసం అంతా నిలబడుతుంది కనుక, మనసులోని మాట చెబితే ఇంట్లో ఎవరూ చిన్నబుచ్చరన్న నమ్మకమే దానికి అసలైన విరుగుడు. ఆ నమ్మకాన్ని ఎలా నిలుపుకోవాలి, మోసం జాడ ఎలా కనిపెట్టాలి, డబ్బు పోయినా మనిషిని ఎలా నిలబెట్టుకోవాలి అన్నవి వరుసగా చూద్దాం.

మోసం నడిచే తీరు

మోనికా విట్టీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బ్రిటన్‌లోని బాధితులతో మాట్లాడి, ఈ మోసాలకు ఒక క్రమం ఉందని 2013లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. తోడు కావాలన్న కోరిక ఉన్న మనిషి ముందుకు, ఆ కోరికకు అచ్చంగా సరిపోయేలా తయారుచేసిన ప్రొఫైల్ వస్తుంది. వారాలో నెలలో మచ్చిక సాగుతుంది. తర్వాత డబ్బు అడుగుతారు. ఒకసారి ఇచ్చాక మళ్లీ మళ్లీ అడుగుతారు. మోసం బయటపడ్డాక కూడా వేరే వేషంలో వచ్చి మరోసారి దోచుకుంటారు. ఇందులో ఇంటివాళ్లు గమనించవలసింది ఆ మచ్చిక దశనే, ఎందుకంటే డబ్బు కదలక ముందు మనకు ఉండే సమయం అదొక్కటే. పొద్దున్నే పలకరింపు వస్తుంది, మందులు వేసుకున్నారా అన్న ప్రశ్న వస్తుంది, భర్త చనిపోయిన తేదీ గుర్తుపెట్టుకుని ఆ రోజు ఓదార్పు మాట వస్తుంది. పెళ్లి సంబంధాల సైట్‌లోనో ఫేస్‌బుక్‌లోనో మొదలైన పరిచయం త్వరగా వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మారుతుంది. సైట్‌వాళ్లు దొంగ ప్రొఫైల్ అని గుర్తించి తీసేసినా సంభాషణ తెగకూడదన్నది ఆ మార్పు వెనక ఉన్న లెక్క. ఆ తర్వాత అసలు మాట వస్తుంది: 'మన సంగతి ఇప్పుడే ఎవరికీ చెప్పకు.' దిష్టి తగులుతుందంటారు, మీవాళ్లు ఆస్తి కోసం అడ్డుపడతారంటారు, నేనే వచ్చి అందరి ముందు చెబుతానంటారు. ఏ కారణం చెప్పినా ఫలితం ఒక్కటే. ఆ మనిషి జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇక డబ్బు రాబట్టే రూపాలు నాలుగైదు ఉన్నాయి. మన రాష్ట్రాల్లో ఎక్కువగా విన్నది బహుమతి పార్శిల్. లండన్ డాక్టరో, ఓడ మీద ఇంజనీరో బంగారం, విదేశీ నగదు ఉన్న పెట్టె పంపానంటాడు. రెండు రోజులకు ఢిల్లీ విమానాశ్రయం కస్టమ్స్ నుంచి అంటూ ఇంకొకరు ఫోన్ చేస్తారు. ముందు సుంకం, తర్వాత జరిమానా, ఆ తర్వాత ఏదో సర్టిఫికెట్ ఫీజు అంటూ మెట్టు మెట్టుగా గుంజుతారు. కస్టమ్స్ అధికారులు ఫోన్ చేసి వ్యక్తుల సొంత ఖాతాల్లో సుంకం వేయమని అడగరు. ఆ శాఖ పంపే లేఖల మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. రెండో రూపం ఆపద. యాక్సిడెంట్ అయింది, ఆస్పత్రిలో ఉన్నాను, కార్డు పనిచేయడం లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022 ఫిర్యాదుల్లో మోసగాళ్లు చెప్పిన అబద్ధాలను లెక్కగడితే అన్నిటికంటే ముందున్నది ఇదే. తనకో తనవాళ్లకో జబ్బు చేసిందనో, దెబ్బ తగిలిందనో, జైల్లో పడ్డారనో చెప్పినవి 24 శాతం. మూడోది నగ్న వీడియో కాల్‌తో బెదిరింపు. ఇందులో ప్రేమ నడిచేది కొద్ది నిమిషాలే, మిగతాదంతా భయం.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే ఇందులో అవతలి మనిషి తనకంటూ పైసా అడగరు. పెట్టుబడి నేర్పుతామంటారు. నీ డబ్బు నీ పేరు మీదే పెరుగుతుందంటారు. తాము ఇచ్చిన యాప్‌లో పదివేలు వేస్తే వారంలో పన్నెండువేలు కనిపిస్తాయి, తీసుకోమంటే మొదటిసారి నిజంగానే చేతికి వస్తాయి. నమ్మకం కుదిరాక ఫిక్స్‌డ్ డిపాజిట్లు, రిటైర్మెంట్ సొమ్ము, బంగారం మీద అప్పు అన్నీ అందులోకి పోతాయి. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. యాప్‌లో కనిపించే అంకెలు వాళ్లు టైపు చేసినవే. అందుకే డబ్బు అడిగేవాళ్లతో జాగ్రత్త అన్న పాత సూత్రాన్ని కొంచెం పెంచుకోవాలి. ఎదురుగా కలవని మనిషి డబ్బు అడిగినా, డబ్బుకు దారి చూపినా, తన డబ్బు నీ ఖాతాలో వేసి ఇంకొకరికి పంపమన్నా ప్రమాదం ఒక్కటే. చివరిది మరీ చెడ్డది. అలా చేసిన మనిషి ఖాతా దొంగసొమ్ము నడిచిన దారి అవుతుంది, పోలీసులు ముందు తలుపు తట్టేది ఆ ఇంటిదే.

ముఖం చూసి నమ్మలేని కాలం

ఫొటో చూశాను, వీడియోలో మాట్లాడాను, తెలుగు చక్కగా మాట్లాడుతున్నాడు, ఇంకేం అనుమానం అని చాలామంది అడుగుతారు. ఈ మూడూ ఇప్పుడు సాక్ష్యాలుగా పనికిరావు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఉప్పల్ పోలీసుల ముందుకు వచ్చిన కేసు చూడండి. పోలీసులు చెప్పిన ప్రకారం, ఒక టీవీ యాంకర్ ఫొటోతో ఎవడో పెళ్లి సంబంధాల సైట్‌లో దొంగ ప్రొఫైల్ పెట్టి, ఒక మహిళా వ్యాపారితో మాటలు కలిపి లక్షల రూపాయలు రాబట్టాడు. ఆ ఫొటోలోని మనిషి ఎవరో తెలిశాక ఆమె ఆయన వెంటపడి, చివరికి మనుషులను పెట్టి కిడ్నాప్ చేయించిందన్నది కేసు. తన ఫొటోను ఎవరో వాడుకున్నారన్నది తప్ప ఆ యాంకర్‌కు ఈ ప్రేమతో ఏ సంబంధమూ లేదు. మోసపోయిన మనిషి నిందితురాలైంది, అసలు దొంగ ఎక్కడో ఉన్నాడు. ఫొటోలో ఉన్న మనిషి నిజంగా ఉన్నంత మాత్రాన, మనతో మాట్లాడుతున్నది ఆ మనిషేనని అనుకోకూడదని ఈ కేసు గట్టిగా చెబుతోంది. వీడియో కాల్ సంగతీ అంతే. 2024 అక్టోబర్‌లో హాంకాంగ్ పోలీసులు 27 మందిని అరెస్టు చేశారు. వీడియో కాల్‌లో ముఖాలు మార్చే డీప్‌ఫేక్ సాంకేతికతతో ప్రేమ నటించి సుమారు 4.6 కోట్ల అమెరికన్ డాలర్లు దోచారన్నది వాళ్ల మీద అభియోగం.

భాష విషయం మనకు ఇంకా దగ్గరిది. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు లక్ష మందిని నిర్బంధించి వాళ్లతో ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్నట్టు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టు నివేదికలో అంచనా వేసింది. వాళ్లలో తెలుగు యువకులూ ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు కంబోడియా పంపితే పాస్‌పోర్టులు లాక్కుని తమను ఈ పనిలో పెట్టారని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. 2024లో విశాఖపట్నం పోలీసులు ఆ ఏజెంట్ల గుట్టు రట్టు చేశారు. సిరిసిల్ల నుంచి వెళ్లిన యువకుడి కేసును తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో తీసుకుంది. ఆడపిల్లల ఫొటోలతో దొంగ ప్రొఫైళ్లు పెట్టి మన దేశంలోని మగవాళ్లతో చాటింగ్ చేయడం ఆ మోసాల కేంద్రాల్లో రోజువారీ పని. కాబట్టి అవతల తెలుగులో తీయగా రాస్తున్నది అన్నం కోసం, పాస్‌పోర్టు కోసం భయపడుతూ కూర్చున్న మన జిల్లా పిల్లవాడే కావచ్చు. ముఖం, గొంతు, భాష ఏదీ ధ్రువపత్రం కానప్పుడు, మిగిలింది ప్రవర్తన. ఎదురుగా కలవడాన్ని ఏదో సాకుతో వాయిదా వేయడం, సంగతి గుట్టుగా ఉంచమనడం, డబ్బు ఊసు రావడం. ఈ మూడూ ఒకచోట కలిస్తే అది మోసమేనని నిర్ణయించుకుని అడుగు వేయాలి. తర్వాత ఏదో అద్భుతం జరిగి ఆ మనిషి నిజమైనవాడని తేలితే, కొన్ని రోజుల ఆలస్యం తప్ప ఎవరికీ నష్టం లేదు.

మనకు వినిపించే అభ్యంతరాలు

తెలివి లేనివాళ్లు, ఆశపోతులు మాత్రమే ఇలా మోసపోతారు, మా ఇంట్లో అలాంటివాళ్లు లేరు అన్నది మొదటి మాట. సాక్ష్యం దీనికి ఎదురు చెబుతోంది. విట్టీ 2018లో బాధితుల స్వభావాలను పరిశీలిస్తే, వాళ్లలో మధ్య వయసు వాళ్లు, బాగా చదువుకున్న మహిళలు ఎక్కువగా కనిపించారు. 2025 జనవరిలో ఫ్రాన్స్‌లో బయటపడ్డ సంగతి ప్రపంచమంతా విన్నది. సినిమా నటుడు బ్రాడ్ పిట్‌ను అని చెప్పుకున్నవాళ్ల చేతిలో ఒక మహిళ 8,30,000 యూరోలు పోగొట్టుకుంది. అందులోనూ బహుమతుల మీద కస్టమ్స్ సుంకం కట్టాలన్న కథ ఉంది, తర్వాత కిడ్నీ జబ్బు కథ వచ్చింది. ఆమె బయటపడి చెప్పాక జనం ఆమెను ఎంతగా ఎగతాళి చేశారంటే ఆ కార్యక్రమాన్ని టీవీ సంస్థ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. చదువు లెక్కలను సరిచూడటం నేర్పుతుంది, నిజమే. కానీ ఈ మోసం లెక్కల దగ్గర మొదలు కాదు, ఆదరణ కోసం ఎదురుచూసే మనసు దగ్గర మొదలవుతుంది. ఆ ఎదురుచూపు చదువుకున్నవాళ్లకూ ఉంటుంది.

ఇవి అరుదు, ఇంత ఆందోళన దేనికి అన్నది రెండో మాట. దీనికి అంకెల బలం ఉన్నట్టే కనిపిస్తుంది. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం లెక్క ప్రకారం 2024 జనవరి నుంచి ఏప్రిల్ వరకు ప్రేమ, డేటింగ్ మోసాల మీద వచ్చిన ఫిర్యాదులు దేశమంతటా 1,725, పోయిన సొమ్ము 13.23 కోట్లు. అదే నాలుగు నెలల్లో ట్రేడింగ్ మోసాల ఫిర్యాదులు 20,043, పోయింది 1,420 కోట్లు. కానీ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఆలోచించాలి. పరిచయం, చనువు, ప్రేమ నడిచి చివరికి పెట్టుబడి యాప్‌లో డబ్బు పోయినప్పుడు, బాధితులు స్టేషన్‌లో చెప్పేది యాప్ గురించే. ప్రేమ గురించి చెప్పడానికి నోరు రాదు. పెళ్లీడు కూతురున్న తండ్రి, మనవలున్న అమ్మమ్మ ఆ మాట కాగితం మీద పెట్టరు. అమెరికాలో 2022 ఒక్క ఏడాదిలో దాదాపు 70,000 మంది ప్రేమ మోసాల మీద ఫిర్యాదు చేశారు, పోయింది 130 కోట్ల డాలర్లు. మనకంటే చాలా తక్కువ జనాభా ఉన్న దేశంలో అన్ని ఫిర్యాదులుంటే, మన అంకె అంత చిన్నగా ఉండటానికి సిగ్గు కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. 2023లో మన దేశంలో అన్ని రకాల సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 7,465 కోట్లయితే, 2024లో అది 22,845 కోట్లకు చేరిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అందులో ప్రేమ కథతో మొదలైనవి ఎన్నో ఏ పట్టికా చెప్పదు.

ఆన్‌లైన్‌లో పరిచయమై చక్కగా కాపురం చేసుకుంటున్నవాళ్లు లేరా, అందరినీ అనుమానించమంటారా అన్నది మూడో మాట. ఉన్నారు, చాలామంది ఉన్నారు. అయితే మన పెళ్లిళ్లలో అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు. ఊళ్లో సంబంధానికి కూడా మేనమామ వెళ్లి నలుగురిని విచారించి వస్తాడు, పిల్లవాడు చేసే ఆఫీసు ముందు నిలబడి అడుగుతాడు. అలా విచారించినందుకు మంచి సంబంధం ఏదీ తప్పిపోలేదు. ఆన్‌లైన్ సంబంధానికి ఆ విచారణ జరగకపోవడానికి కారణం సాంకేతికత కాదు, గుట్టు. గుట్టు విప్పితే విచారణ ఇప్పుడు ఇంకా తేలిక. డల్లాస్‌లో ఉన్నానంటే అక్కడ మన బంధువో, ఊరివాడో, క్లాస్‌మేటో తప్పకుండా దొరుకుతాడు. ఒక ఆదివారం కలిసి కాఫీ తాగి రమ్మని అడిగితే నిజమైనవాడు సంతోషిస్తాడు, దొంగ కోపం తెచ్చుకుంటాడు.

నాలుగో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. పెద్దమనిషి, తన జీవితం, తన డబ్బు, అందులో వేలు పెట్టడానికి పిల్లలకేం హక్కుంది? ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. భర్త పోయిన యాభై ఐదేళ్ల స్త్రీకి తోడు కావాలనిపిస్తే అది తప్పు కాదు. భార్య పోయిన రిటైర్డ్ ఉద్యోగి మళ్లీ ఒకరితో మాట కలిపితే ఎవరి పరువూ పోదు. మన సమాజం ఈ కోరికను సిగ్గుపడవలసిన విషయంగా చూసినంత కాలం, ఆ కోరిక దాక్కునే తిరుగుతుంది. దాక్కున్నచోటే మోసగాడికి పని. కాబట్టి నేను చెప్పేది పెత్తనం కాదు. ఫోన్ లాక్కోవడం, పాస్‌బుక్ దాచేయడం, చాటింగ్ చదివి నిలదీయడం తప్పులే కాక, నష్టం కూడా తెస్తాయి. 'నీవాళ్లకు నువ్వంటే లెక్క లేదు' అని అవతలివాడు చెప్పిన మాటను మన చేతులతో నిజం చేసినట్టవుతుంది. మనకున్న హక్కు ప్రేమించేవాళ్లకు ఉండే హక్కే: అడిగే హక్కు, ఆలోచించడానికి కొంత సమయం కోరే హక్కు.

మనవాళ్లతో మాట్లాడటం

తేడా కనిపిస్తే ముందు నోటిని అదుపులో పెట్టుకోవాలి. 'ఈ వయసుల నీకిదేం పోయేకాలం', 'ఇంత చదివినవ్, ఇంత తెల్వదా', 'పరువు తీసినవ్' అన్న మాటలు ఒక్కసారి బయటికొస్తే ఆ మనిషి మళ్లీ మన దగ్గర నోరు విప్పరు. వాళ్లు మనసు విప్పడానికి మిగిలేది ఆ మోసగాడొక్కడే. వాళ్ల మనసులోని అనుబంధం నిజమైనది, అవతలి మనిషే అబద్ధం. ఈ రెంటినీ విడదీసి మాట్లాడటం ఈ అధ్యాయంలో నేను చెప్పే విషయాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది. 'అమ్మా, ఆయనతోటి మాట్లాడితే నీకు మంచిగనిపిస్తున్నదని నాకు తెలుస్తున్నది. ఆయన సంగతులు నాక్కూడ చెప్పు, వింట' అని మొదలుపెట్టండి. విని ఊరుకోండి. మొదటి రోజే సాక్ష్యాలు పరచి వాదన గెలవాలని చూడొద్దు. ఓడిపోయానని ఒప్పుకోవడం కంటే మోసాన్ని నమ్ముతూ ఉండటమే చాలామందికి తేలిక. తీర్పులు చెప్పడం మాని ప్రశ్నలు అడగండి. ఇప్పటిదాకా ఎన్నిసార్లు కలుస్తానని తప్పించాడు? పంపమన్న ఖాతా ఎవరి పేరు మీద ఉంది? నాకెందుకు పరిచయం చేయొద్దంటున్నాడు? ఈ ప్రశ్నలకు జవాబులు వాళ్ల నోటి నుంచే రావాలి. తాము తేల్చుకున్న నిజానికి మనుషులు కట్టుబడతారు.

వాళ్లు ఇంకా నమ్ముతూనే ఉంటే, సంబంధం తెంచుకోమని పట్టుబట్టకండి. డబ్బు పంపడం ఒక్క రోజు ఆపమని అడగండి. 'పంపొద్దని అంటలేను నాయినా, రేపటిదాక ఆగుదాం' అన్న మాటకు ఒప్పుకోవడం తేలిక. మోసగాడికి కావలసింది తొందర. ఒక్క రోజు ఆగితే అవతలి నుంచి వచ్చే కోపం, ఏడుపు, బెదిరింపు మన వాదన కంటే బాగా కళ్లు తెరిపిస్తాయి. ఆ రోజులో కలిసి చేయదగిన పనులున్నాయి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో అనుమానాస్పద ఫోన్ నంబర్, ఖాతా సంఖ్య, యూపీఐ ఐడీ వెతికి చూసుకునే సదుపాయం 2024 నుంచి ఉంది. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే అది ఇంకెవరిదో కొన్నిసార్లు తెలుస్తుంది. ఏమీ దొరకకపోతే అది నిజమని మాత్రం అనుకోవద్దు.

ఇవన్నీ ఆపద వచ్చాక చేసేవి. రాకముందు చేసుకునే ఏర్పాటు ఇంకా బలమైనది. ఇంట్లో అందరికీ కలిపి ఒక కట్టుబాటు పెట్టుకోండి: కొత్త మనిషికో కొత్త యాప్‌కో పదివేలు దాటి పంపాలంటే ఇంట్లో ఇంకొకరికి చెప్పాకే. ఇది ముసలివాళ్ల మీద పెట్టే నిఘా కాకూడదు. ఉద్యోగం చేసే కొడుకుకూ, ఇంజనీరింగ్ చదివే మనవరాలికీ అదే కట్టుబాటు. అప్పుడు ఎవరికీ చిన్నతనం ఉండదు. బ్యాంకు యాప్‌లో రోజువారీ పరిమితిని వాళ్ల ఇష్టంతో తగ్గించుకోవచ్చు. పిల్లలు వారానికోసారి కాకుండా రోజూ ఐదు నిమిషాలు మాట్లాడగలిగితే, ఆ ఐదు నిమిషాల్లో మందుల చీటీ గురించే కాక ఆ రోజు ఎలా గడిచిందో అడగగలిగితే, మోసగాడు నింపే ఖాళీలో చాలా భాగం ముందే నిండుతుంది.

డబ్బు పోయాక

డబ్బు పోయిందని తెలిసిన గంట చాలా విలువైనది. సాగర్ ఎడమ కాలువలో నీటిని హెడ్ రెగ్యులేటర్ దగ్గర ఆపొచ్చు. మేజర్లు, మైనర్లు దాటి పిల్లకాలువల్లోకి, మళ్లలోకి పోయాక ఎవరూ వెనక్కి తేలేరు. దోచిన సొమ్మూ అంతే, ఒక ఖాతా నుంచి పది ఖాతాల్లోకి, వాటి నుంచి వంద ఖాతాల్లోకి చీలిపోతుంది. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే, ఆ వివరాలు బ్యాంకులకు చేరి, అప్పటికి ఖాతాలో మిగిలి ఉన్న సొమ్మును కదలకుండా ఆపే వ్యవస్థ 2021 నుంచి దేశంలో ఉంది. ఫోన్ కలవకపోతే జాతీయ సైబర్ నేరాల పోర్టల్ cybercrime.gov.in లో ఫిర్యాదు రాయాలి, బ్యాంకుకూ చెప్పాలి, దగ్గరి పోలీసు స్టేషన్‌కూ వెళ్లాలి. లావాదేవీ సంఖ్యలు, చాటింగ్, ఫోన్ నంబర్లు, ప్రొఫైల్ లింకు ఏవీ చెరిపేయకూడదు. సిగ్గుతో చాటింగ్ తీసేస్తే సాక్ష్యం పోతుంది. మూడు పనిదినాల్లో చెబితే బ్యాంకే నష్టం భరించాలన్న 2017 నాటి రిజర్వ్ బ్యాంక్ నిబంధన గురించి కొందరు విని ఉంటారు. అది ఖాతాదారు అనుమతి లేకుండా, వాళ్ల తప్పేమీ లేకుండా జరిగిన లావాదేవీల కోసం పెట్టింది. తన చేత్తో పంపిన డబ్బుకు ఆ రక్షణ దొరకడం కష్టం కనుక, తొందరపడటం ఇక్కడ ఇంకా అవసరం. వేషం మార్చి మోసం చేయడం భారతీయ న్యాయ సంహిత 319వ సెక్షన్ కింద, కంప్యూటర్, ఫోన్ల ద్వారా అలా చేయడం ఐటీ చట్టం 66డి కింద నేరం. ఫిర్యాదుదారు ప్రేమలో పడటం ఏ చట్టం కిందా నేరం కాదు. స్టేషన్ మెట్లు ఎక్కే ముందు ఈ మాట వాళ్లకు గుర్తు చేయండి.

వీడియోతో బెదిరిస్తుంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇచ్చినవాళ్లను మళ్లీ అడుగుతారు. ఆ చిత్రాలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్ల పాకకుండా అడ్డుకోవడానికి స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది, మన చిత్రాన్ని ఎవరికీ పంపకుండానే దాని డిజిటల్ గుర్తును మాత్రం ఇవ్వొచ్చు. తెలంగాణలో మహిళలు పోలీసు శాఖ షీ టీమ్స్ సాయం అడగవచ్చు. పోయిన డబ్బు రాబట్టి ఇస్తామంటూ వకీలుగానో, హ్యాకర్‌గానో, పోలీసుగానో ఫీజు అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారతాయి. అది రెండో మోసం.

డబ్బు లెక్క తేలినా తేలకపోయినా, ఇంకో లెక్క మిగిలే ఉంటుంది. ఈ బాధితులు రెండు దెబ్బలు తింటారని విట్టీ అధ్యయనాలు చెబుతున్నాయి. ఒకటి డబ్బు, రెండోది ప్రేమించిన మనిషిని పోగొట్టుకోవడం. ఆ మనిషి ఎన్నడూ లేకపోయినా దుఃఖం ఉంది. చావు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, కానీ పరామర్శకు ఎవరూ రారు. ఇంటివాళ్లు ఆ దుఃఖాన్ని గుర్తించాలి. తిండి, నిద్ర తప్పినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

ఈ అధ్యాయం చదివాక ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎవరు ఎక్కువ ఒంటరిగా ఉన్నారో వాళ్లతో కూర్చుని, మోసాల గురించి పాఠం చెప్పకుండా, ఈ ఒక్క మాట చెప్పండి: 'నువ్వు ఎవరితోనన్న మాట్లాడు, నీ ఇష్టం. డబ్బు పోయినా, మోసపోయినా, ముందు నాకే చెప్పు. నేను ఒక్క మాట కూడ అనను.' ఆ మాట ఇచ్చాక దానికి కట్టుబడి ఉండండి, నిజంగా కష్టం వచ్చిన రోజున కూడా. మోసగాడు అడిగే గుట్టుకు మనవాళ్లు ఒప్పుకుంటారా, ఒప్పుకోరా అన్నది ఆ రోజు మనం ఎలా ప్రవర్తిస్తామని వాళ్లు అనుకుంటున్నారో దాని మీదే ఆధారపడి ఉంటుంది.